ముచ్చిక దగ్గరి ఎరుపు

ఆయన పేరు ఆంతే.
క్రొయేషియా వాళ్ళ పేరు.
మా భాషలో ఇంచుమించు ఆ మాటకే
ఇక చాలు, ఇంతకు మించి లేదని అర్థమని
కంచె మీదుగా చెప్పిన రోజు
చేతిలో స్పానర్ కింద పడేసి మరీ నవ్వాడు.
అప్పటికి షెడ్డులో ఉన్నది బండి కాదు,
కొలాక్ దగ్గర ఎవరి పొలంలోనో దొరికిన
డెబ్భై మూడు నాటి ఫాల్కన్ పెంకు.
చక్రాలకు బదులు నాలుగు ఇటుక దొంతులు.
ఇంజను ఉండాల్సిన చోట పిల్లి ఈనింది.

మా నార్లేన్ వీధి చివర నిలబడితే
మూతపడ్డ ఫోర్డు ఫ్యాక్టరీ గోడ కనబడుతుంది.
ముప్పై ఒక్క ఏళ్ళు అక్కడ ప్రెస్సు దగ్గర
రేకుల్ని తలుపులు చేశాడు.
ఎడమ తలుపు, ఎడమ తలుపు, ఎడమ తలుపు.
"ఒక్క బండినైనా నిండుగా చూడలేదు,
నా బతుకంతా ఒక పక్కే" అన్నాడోసారి
నేనిచ్చిన టీలో పంచదార కలుపుకుంటూ.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవాళ్ళు
బండి కట్టడమంటే
ఎడ్ల మెడ మీద కాడి వెయ్యడమే అనుకున్నారు.
ఈయన్ని చూసుంటే
సామెతకి ఇంకో ముక్క తగిలించేవాళ్ళు.

పదకొండేళ్ళు.
ఓల్డేజ్ హోమ్‌లో రాత్రి డ్యూటీ దిగి
నేను ఇల్లు చేరే వేళకి
ఆ షెడ్డులో ట్యూబులైటు వెలుగుతుండేది.
ఒక ఏడాది మొత్తం
వెనక మడ్‌గార్డు వంపు ఒక్కదానికే పోయింది.
ఒక ఏడాది ఏమీ జరగలేదు.
ఆ ఏడాది యెలిత్సా పోయింది.
షెడ్డు గొళ్ళెం మీద సాలీడు గూడు కట్టింది.
తుడుద్దామని వెళ్ళి, తుడవకుండానే తిరిగొచ్చాను.
తర్వాత ఒక ఆదివారం పొద్దున్నే గ్రైండర్ మోత.
నిద్ర పాడైందని వీధిలో ఎవరూ అనలేదు.

రంగు దగ్గర మళ్ళీ ఆగిపోయాడు.
జనవరి ఎండలో నేను వంకాయలు కోస్తుంటే
ఒకటి ఇమ్మన్నాడు. కూరకేమో అనుకున్నా.
తీసుకెళ్ళి పెయింటు కొట్లో బల్ల మీద పెట్టాడట.
ఊదా, అన్నాడు కొట్టువాడు.
కాదు, ముచ్చిక దగ్గర చూడు,
నలుపులోకి దిగబోతూ ఎరుపు ఆగుతుందే, అక్కడ.
మూడుసార్లు కలిపించి మూడుసార్లూ వద్దన్నాడు.
ఈలోగా కాయ వడిలిపోయింది.
ఇంకోటి కావాలని వచ్చాడు, కొంచెం సిగ్గుపడుతూ.

నిన్న మధ్యాహ్నం బండిని వాకిట్లోకి తోశారు.
పైన ముసుగు, యెలిత్సా దుప్పట్లు జోడించి
ఆయనే కుట్టింది, కుట్లు వంకర.
ఈ మూల నువ్వు పట్టుకో అన్నాడు నాతో.
లాగాను. వైపర్‌కి చిక్కుకుని
బారెడు చిరిగింది.
ఆ చప్పుడు తర్వాత
ఎవరికీ నోట మాట లేదు.

కుడి తలుపుల షిఫ్టు టెరెన్స్
బానెట్ వైపు చూడనైనా చూడలేదు.
తిన్నగా కుడి తలుపు దగ్గరికి నడిచి
తెరిచాడు, చెవి మిషను సర్దుకున్నాడు,
మూశాడు.
ఠప్.
నాడి చూసే వైద్యుడిలా కాసేపు ఉండి
పర్లేదు, అన్నాడు.

ఆంతే తాళం ఆయన చేతిలో పెట్టాడు.
అందరం ఏదో అనబోయాం.
తను అటు తిరిగి వెళ్ళి
ఎడమ తలుపు తీసుకుని
చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

మొదటిసారి దగ్గింది.
రెండోసారి ఊరుకుంది.
మూడోసారికి నా వంటింట్లో గిన్నెలు వణికాయి,
తీగ మీది గలా పిట్టలన్నీ ఒక్కసారే లేచాయి.
ఆ మోత వీధి చివరిదాకా వెళ్ళి
ఫ్యాక్టరీ గోడని తాకి
మలుపు తిరిగింది.

చిరిగిన దుప్పటితో వాకిట్లో నేను.
మడతపెట్టబోతే ఎటునుంచి ఎటో తెలియలేదు.

సాయంత్రం పెరట్లోంచి నాలుగు వంకాయలు తెచ్చి
చాకు పట్టుకుని కూర్చున్నా.
ముచ్చిక దగ్గర ఒక నిమిషం చూశాను.
తర్వాత కోసేశాను.
నూనె కాగుతోంది.
వాళ్ళింకా రాలేదు.